నందివర్ధనం పాదులో నీళ్లు

సమాధుల తోటను తోట అనడం మాటవరసకే. చాలా ఊళ్లలో అక్కడ నాలుగు జిల్లేడు మొక్కలు, వాటిని కూడా తినలేక తిరిగే రెండు మేకలు తప్ప తోట అనదగ్గది ఏదీ ఉండదు. కోయిలకుంట్ల తాలూకాలోని ఆ నల్లరేగడి పల్లెలో మాత్రం అది నిజంగా తోటే. మందారాలు, గన్నేర్లు, నూరువరహాలు, నందివర్ధనాలు, గోడవారగా రంగురంగుల క్రోటన్లు. ఏ కాలంలో వెళ్లినా ఏదో ఒకటి పూస్తూనే ఉండేది. దాన్ని అలా నిలబెట్టినవాడు గాబ్రియేలు.

అన్ని పూలమొక్కలు అక్కడికి రావడానికి కారణం షోకు కాదు, పేదరికం. ఆ పల్లె క్రైస్తవులు కూలికి పోయేవాళ్లు, లేదంటే ఎకరమో అరెకరమో చేనున్నవాళ్లు. కడప బండలు ఎడ్లబండ్ల మీద ఊళ్లకు పోతుంటే చూడడమే గానీ, తమవాళ్ల తలాపున ఒక బండ నిలబెట్టి పేరు చెక్కించుకునే స్తోమత ఎవరికీ లేదు. అందుకని పోయినవాళ్ల తలాపున ఒక పూలమొక్క నాటేవాళ్లు. ఆ మొక్కే పేరు, ఆ మొక్కే గుర్తు. ఫలానా వాళ్ల సమాధి అని ఎవరూ అనరు. జీవమ్మ మొగుని మందారం అంటారు, ఏసురాజు నాయన గన్నేరు అంటారు.

రేగడి నేల సంగతి ఆ సీమలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండకు బీటలిస్తుంది, వానకు పొంగి మళ్లీ దిగిపోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి మట్టిదిబ్బ నేలలో కలిసిపోతుంది. మొక్క చచ్చిందంటే కింద ఎవరు ఉన్నారో చెప్పే దిక్కు ఉండదు. ఈస్టరు నాటి వేకువన కొవ్వొత్తులు పట్టుకుని అందరూ తమవాళ్ల దగ్గరికి పోతుంటే, మొక్క చచ్చినవాళ్లు కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలియక నడిమధ్యన నిలబడిపోవాలి. అంత సిగ్గు, అంత దుఃఖం పగవాళ్లకు కూడా వద్దు. కాబట్టి ఆకు పండుబారితే చాలు, ఆ ఇంటివాళ్లు గాబ్రియేలు కోసం పరుగెత్తుకొచ్చేవాళ్లు.

గాబ్రియేలు పడుచుతనంలో కడపలో ఒక దొరగారి బంగళా తోటలో పని చేశాడు. అక్కడి ముసలి మాలీ మస్తాన్ సాహెబు అతనికి చెట్టును చూడడం నేర్పాడు. "పూలు సూసేది దొరసాని పని బేటా, మన పని ఆకు యెనక" అనేవాడు సాహెబు. దొర బదిలీ అయి వెళ్లిపోయాక గాబ్రియేలు ఊరికొచ్చి, ప్రేమమ్మను పెళ్లి చేసుకుని, చేల పనికి పోతూ బతికాడు. ఏసు గుడి పెద్దలు సమాధుల తోటను అతని చేతిలో పెట్టారు. పంట కల్లాల్లో ఇంటికిన్ని జొన్నలు పోసేవాళ్లు. జొన్నలకోసం కాదు గానీ ఆ పనంటే అతనికి ప్రాణం.

కాస్త గర్వం కూడా ఉండేది. ఎందుకు దాచాలి? చెట్టు జబ్బు తేల్చేటప్పుడు అతను బిగుసుకున్నంతగా పెద్దాసుపత్రి డాక్టరు కూడా బిగుసుకుని ఉండడు. ఒకసారి జీవమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వచ్చింది.

"మా మందారానికి ఎవురిదో దిష్టి తగిలిండాది గాబ్రియేలూ. ఆకులన్నీ మసి పూసినట్ల నల్లగైపోయినాయి."

గాబ్రియేలు మందారం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు, ఆకును తిప్పి చూశాడు, వేలితో ఆ మసి తుడిచి వాసన చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు కూడా, అలా నిలబడకపోతే వచ్చినవాళ్లకు గౌరవం ఉండదని.

"దిష్టి గాదు జీవక్కా. ఈ చీమల్ని సూడు, పనిలేక ఎక్కుతాండాయా? పైన లేత కొమ్మలకు తెల్లగ పిండి మాదిరి అంటుకోనుండాదే, అది పిండి గాదు, పురుగు. అది రసం పీల్చి కిందికి తియ్యటి బంక కారుస్తాది. బంక మీద మసి పడతాది. మసిని కడిగితే పోదు. పురుగును తీసెయ్యాల."

కుంకుడు రసంలో గుడ్డ ముంచి కొమ్మ కొమ్మా తుడవమన్నాడు, మొదలు చుట్టూ బూడిద చల్లమన్నాడు. నెల తిరగకముందే మందారం తేరుకుంది. ఇలాంటివి ఎన్నో. గులాబి ఆకు మీద తెల్లటి బూడిద కనిపిస్తే అది గాలి ఆడక వచ్చే తెగులనీ, కొమ్మలు కత్తిరించమనీ చెప్పేవాడు. క్రోటను కాడకు గోధుమరంగు పొలుసులు అంటుకుని ఉంటే గోటితో గీకి, అవి కూడా ప్రాణమున్నవేనని చూపించేవాడు. చెట్టు మొదలు దగ్గర మట్టి గూడు కనిపిస్తే చెద. కాండానికి చిన్న కంత, దాని కింద రంపపు పొట్టు ఉంటే తొలిచే పురుగు. వీటిలో ఏదీ కనిపించకుండా చెట్టు వాడిపోతుంటే ఇక ఆలోచించేదేముంది, దప్పిక. పాదు పెద్దది చేసి కడివెడు నీళ్లు ఎక్కువ పోయమనేవాడు. ఆ మాట అతని ఎరుకలో ఎప్పుడూ తప్పలేదు. ఏడాదిలో పది నెలలు ఆకాశం వైపు చూసే సీమలో చెట్టు దప్పికతో కాక ఇంకెందుకు చస్తుంది?

గాబ్రియేలుకూ ప్రేమమ్మకూ పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టింది రత్నమణి. మణి అనేవాళ్లు. ఎవరికి పుట్టిన బిడ్డ వాళ్లకు బంగారమే గానీ, ఈ పిల్ల సంగతి వేరు. పురుగంటే భయం లేదు. నందివర్ధనాల మీద వేలంత లావున పచ్చటి గొంగళి పురుగులు పడేవి, వాటి వీపు మీద రెండు పెద్ద కళ్లలాంటి మచ్చలు ఉండేవి. పెద్ద ఆడవాళ్లే కెవ్వుమని అరిచేవాళ్లు. మణి వాటిని ఏరి కొబ్బరిచిప్పలో వేసుకుని తండ్రి దగ్గరికి తెచ్చేది.

"నాయనా, ఇది నన్నే సూస్తాండాది."

"అవి కండ్లు గాదు తల్లీ, పిట్టల్ని బెదిరించేకి ఏసుకున్న బొమ్మలు."

"అయితే దీని కండ్లు యాడుండాయి?"

గాబ్రియేలు పురుగును వెల్లకిలా తిప్పి అసలు తల చూపించేవాడు. ఆ పిల్ల ఇంకా పెద్దదైతే తన తర్వాత తోటను ఇదే చూసుకుంటుందని అతను అనేవాడు. ఆడపిల్ల సమాధుల తోటలో పని చెయ్యడమేమిటని ప్రేమమ్మ కసిరేది. కసురుతూనే కూతురి తల దువ్వి, ఆ నందివర్ధనం పూలే మాలకట్టి పెట్టేది.

ఒక ఎండాకాలం ఊళ్లో వాంతిభేది వచ్చింది. వంకలో చెలమలు కూడా ఎండిపోయి, ఉన్న ఒక్క గుంటలో పశువులూ మనుషులూ కలిసి తాగుతున్న రోజులు. పొద్దున ఆడుకుంటూ ఉన్న మణి అంబలి వేళకు వాలిపోయింది. కళ్లు లోపలికి పోయాయి. చేతుల చర్మం ముడిచి వదిలితే అలాగే నిలబడింది.

"అమ్మా, నీళ్లు."

క్రైస్తవుల పేటలో కాన్పులకూ కాయిలాలకూ పిలిచే పెద్దమనిషి సిద్దమ్మ వచ్చి చూసింది. ఎన్నో చావులు చూసినావిడ, ఎంతోమందిని బతికించినావిడ కూడా. "నీళ్లు తాపొద్దండి. లోపలికి పోయిండేది నిలబడకుంటే ఇంగా పోస్తారా? కడుపు ఆరితే భేది నిలుస్తాది" అంది. ఆవిడ చెప్పింది తన అమ్మ చెప్పిందే, ఆ అమ్మ తన అమ్మ దగ్గర విన్నదే. ఆ సీమలో ఆ జబ్బుకు అందరూ చేసేది అదే. గాబ్రియేలుకు కూడా అది సబబుగానే తోచింది. నీళ్లు లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి. పోకపోతే రావు కదా.

మణి అడుగుతూనే ఉంది. ప్రేమమ్మ తడిగుడ్డతో పెదవులు తుడిచింది. పిల్ల ఆ గుడ్డను పళ్లతో పట్టుకుని చీకింది. అది చూసి తల్లి ప్రాణం ఆగలేదు. గబగబా గలాసు ముంచుకొచ్చింది. గాబ్రియేలు ఆమె చేతిలోంచి గలాసు తీసుకున్నాడు.

"నీళ్లు ఇయ్యొద్దు మే. ఇస్తే పోతాది."

కడవ తీసుకుపోయి బయట అరుగు మీద పెట్టాడు. ప్రేమమ్మ ఎదురు చెప్పలేదు. పొద్దు వాలకముందే మణి అడగడం మానేసింది.

తోటలో మేలైన నందివర్ధనం కొమ్మను ఎంచి, గాబ్రియేలే బిడ్డ తలాపున నాటాడు. అది మణి పురుగులు ఏరిన చెట్టు కొమ్మే. ఆ తర్వాత కరువేళ్లు వచ్చాయి. చెలమలో చిప్పతో తోడితే ఒక కడవ నిండడానికి పూట పట్టేది. ఆ కరువులో కూడా ప్రేమమ్మ తన వంతు నీళ్లు మిగుల్చుకుని ఆ మొక్కకు పోసింది. మొక్క నిలదొక్కుకుంది, చిగిర్చింది, పూసింది. తోటంతా వాడిపోయినా అదొక్కటే తెల్లగా నవ్వుతుండేది. దాన్ని చూసినప్పుడే ప్రేమమ్మ ముఖంలో కాస్త కళ కనబడేది. ఆమె అన్నం తినడం, పనికి పోవడం, గుడిలో పాటకు గొంతు కలపడం, అన్నీ ఆ మొక్క ఆసరాతోనే. ఆ మొక్కకు ఏమైనా అయితే ప్రేమమ్మ బతకదని పేటలో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా గాబ్రియేలుకు తెలుసు.

కొన్నేళ్లకు, చెలమల్లో నీళ్లు కాస్త ఊరుతుండగా, మళ్లీ ఒక ఊళ్లో కలరా పుట్టిందని, మిషను ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ బండి కట్టించుకుని ఊరూరా తిరుగుతూ ఇక్కడికీ వచ్చింది. గుడి ముందర అందరినీ కూర్చోబెట్టి, చేతులు ఊపుతూ చెప్పింది. "నీళ్లు కాచి తాగండి. జబ్బు వచ్చిందంటే మాత్రం నీళ్లు ఆపొద్దు. అడిగినన్ని తాపండి, కాస్త ఉప్పేసి తాపండి. ఈ జబ్బులో మనిషి పోయేది ఒంట్లో నీళ్లు లేకనే. నీళ్లు ఆపి ఎంతమంది బిడ్డల్ని పోగొట్టుకుంటున్నారో!"

ఆడవాళ్ల వరుసలో ప్రేమమ్మ ఉంది. మగవాళ్ల వరుసలో గాబ్రియేలు ఉన్నాడు. ఇద్దరూ నర్సమ్మనే చూశారు. ఒకరినొకరు చూసుకోలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ప్రేమమ్మ పొయ్యి రాజేసింది, జొన్నరొట్టె తట్టింది, మొగుడికి పెట్టింది. ఏమైనా అంటుందేమోనని గాబ్రియేలు ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది, కొట్టినా పడేవాడు. ఆమె గిన్నెలు కడుక్కుని పడుకుంది. మర్నాటి నుంచి మాత్రం మొక్కకు పొద్దునొక కడవ, మాపటేళ ఒక కడవ పోయడం మొదలుపెట్టింది.

కరువు విడిచిన ఏడాది వానలు దండిగా పడ్డాయి. వంక పారింది. జనం మొహాలు తేటపడ్డాయి. తోటలో ప్రతి మొక్కా దుబ్బుగా లేచింది. మణి నందివర్ధనం ఒక్కటే చిన్నబోయింది. ముందు కింది ఆకులు పసుపుపచ్చగా మారాయి, తర్వాత పై ఆకులు వేలాడాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి.

గాబ్రియేలు ఆకు తిప్పి చూశాడు, ఏమీ లేదు. చీమలు లేవు, బంక లేదు, పిండి లేదు. కాండం పొడవునా వేలు పెట్టి తడిమాడు, కంత లేదు. మొదలు దగ్గర చెద మట్టి లేదు. ఆకును చీల్చి లోపల పొడలున్నాయా అని ఎండకు పట్టి చూశాడు, లేవు. జీవమ్మ దారిన పోతూ ఆగి, "అన్నీ పచ్చగుంటే ఇదొక్కటే ఏమప్పా ఇట్లుండాది?" అని అడిగింది. ఆమెకు జవాబు చెప్పడానికి అతను చేతులు వెనక్కి కట్టుకోలేదు.

వానలు వెనక్కి తగ్గాయి. ఎండ కాసి పాదులో మన్ను పైన గట్టిపడి పొరలు పొరలుగా లేచింది. ఆ పొరలు చూసి గాబ్రియేలు తన మామూలు లెక్కకే వచ్చాడు. పురుగు లేదు, తెగులు లేదు, ఇది దప్పికే. పాదు పెద్దది చేశాడు. ప్రేమమ్మతో పాటు తనూ కావడి ఎత్తుకుని వంక నుంచి నీళ్లు మోశాడు. ఇద్దరూ కలిసి ఒక పని చేసి ఎన్నో ఏళ్లయింది. దారిలో ప్రేమమ్మ ఒకటి రెండు మాటలు కూడా మాట్లాడింది. కూతురికి చేస్తున్న చాకిరీలాగా, ఆ కొన్నాళ్లు ఇద్దరికీ బాగానే ఉంది. మొక్క మాత్రం ఇంకా వాలిపోయింది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి, అతను చిన్న గునపం తీసుకుని పాదు అంచున తవ్వాడు. పైపొర పెళుసుగా విరిగింది. దాని కింద జానెడు లోతున మన్ను జావలా ఉంది. చెయ్యి పెడితే నీళ్లు ఊరాయి. సమాధి గుంట పూడ్చిన మన్ను దిగి తొట్టిలా అయి, వాన నీళ్లూ, వానల్లో కూడా ప్రేమమ్మ మానకుండా పోసిన నీళ్లూ అక్కడే నిలిచిపోయాయి. రేగడి వాటిని వదల్లేదు. మురిగిన వాసన గుప్పుమంది. ఒక వేరు పట్టి లాగితే, ఉడికిన చింతకాయ తొక్క ఊడినట్టు దాని బెరడు చేతిలోకి జారి వచ్చింది. లోపలంతా నల్లగా ఉంది.

అతను ఆ వేరును అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి చూశాడు. ఇన్నేళ్లుగా ఆకు వెనక చూసినవాడు మన్ను కింద చూడలేదు. నీళ్లు లేని ఆకు ఎలా వాలుతుందో, నీళ్లలో మునిగిన ఆకు కూడా అచ్చం అలాగే వాలుతుంది. వేళ్లు కుళ్లాక చుట్టూ ఎన్ని నీళ్లున్నా చెట్టు తాగలేదు. ఎడారి లాంటి సీమలో పుట్టినవాడికి అది ఎలా తోస్తుంది? ఇప్పుడు తోచింది. ఏం చెయ్యాలో కూడా తెలిసింది. పాదు పక్కన కాలవ తీసి నీళ్లు పోనివ్వాలి. కుళ్లిన వేరు కోసి, వంకలోని ఇసక కలపాలి. మన్ను ఆరేదాకా చుక్క నీళ్లు పోయకూడదు. అలా చేస్తే బతుకుతుంది. ఒక పక్కన వేళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

మాపటేళ ప్రేమమ్మ కడవ చంకనెత్తుకుని వచ్చింది. గాబ్రియేలు వేరును గుప్పిట్లో మూసుకుని లేచాడు.

"మే, ఆగు. నీళ్లు పొయ్యొద్దు."

"ఏమి?"

"కొన్నాళ్లు నిలిపేద్దాం. ఇప్పుడు నీళ్లు ఇస్తే పోతాది."

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక గాని అతనికి అది వినపడలేదు. ప్రేమమ్మ కడవ దించింది. ఆమె ముఖంలో కోపం లేదు, కోపమైతే అతను తట్టుకునేవాడు.

"ఆ పొద్దు గూడా ఇదే మాట అంటివి గదప్పా" అంది మెల్లగా. "బిడ్డ గుడ్డ చీకుతాండాది. నా సేతిలోంచి గలాసు తీసుకుంటివి. నువ్వు సెప్తివని నేను ఊరుకుంటి. తల్లినై ఊరుకుంటి. ఇప్పుడు గూడా ఊరుకోమంటావా?"

గుప్పిట విప్పి చూపిస్తే చాలు. ప్రేమమ్మ మూర్ఖురాలు కాదు, కళ్లతో చూస్తే నమ్ముతుంది. నమ్మితే మొక్క బతుకుతుంది. కానీ ఆ వేరు చూశాక ఆమె ఇంకొకటి కూడా తెలుసుకుంటుంది. నీళ్లు ఇవ్వక బిడ్డను పోగొట్టుకుంది, నీళ్లు ఇచ్చి బిడ్డ గుర్తును కుళ్లబెట్టింది. ఇన్నేళ్లు తన గొంతు తడుపుకోకుండా మోసిన నీళ్లన్నీ ఇలా అయ్యాయని తెలుస్తుంది. అది తెలిశాక ఆమె ఏం కావాలి? బతుకులో ఇంత ఖాయంగా అతనికి ఏ చెట్టు జబ్బూ తెలియలేదు. ఇంత నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

అతను వేరును తవ్విన గుంటలో పడేసి కాలితో మన్ను నెట్టాడు. వంగి కడవ ఎత్తాడు.

"నేను తప్పు సూసినా మే. శానా దప్పిక మీదుండాది" అని, కడివెడు నీళ్లూ తానే పోశాడు. కొన్ని నీళ్లు అతని కాళ్ల మీద పడ్డాయి.

తర్వాతి కాలంలో ఎవరి మొక్క వాడినా గాబ్రియేలు ఆకు జోలికి పోకుండా ముందు మన్ను తవ్వి వాసన చూసేవాడు. ఆ అలవాటు వల్ల ఎన్నో సమాధులు గుర్తు పోకుండా నిలిచాయి. ఎక్కడ నేర్చుకున్నావప్పా అని అడిగితే మాట మార్చేవాడు. అది తర్వాతి సంగతి. మణి నందివర్ధనం మాత్రం క్రిస్మస్ లోపలే ఎండిపోయింది. ఆకులన్నీ రాలాక కూడా ప్రేమమ్మ ఆ మోడుకు నీళ్లు పోసింది. ఒకరోజు కొమ్మను వంచి చూస్తే పుటుక్కున విరిగింది. అప్పుడు కడవ పక్కన పెట్టి అక్కడే కూలబడింది.

గాబ్రియేలు పక్కన కూర్చున్నాడు. ఇంకో కొమ్మ నాటుదామన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దప్పా. నా సేతికి ఏదీ బతకదు."

దేని నుంచి ఆమెను కాపాడాలని ఆ రోజు నోరు మూసుకున్నాడో, ఆ మాటనే ఆమె తనంతట తాను అనేసింది. మొక్కా పోయింది, దాచిన మాటా దాగలేదు. గాబ్రియేలు ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. కడవ అంచు ఒరుసుకుని కాయలు కాసిన చెయ్యి అది.

"నీ సెయ్యి గాదు మే. నాది. రెండుసార్లూ నాదే."

ప్రేమమ్మ అతని వైపు చూసింది. రెండోసారి ఏమిటని అడగలేదు. మొదటిసారి గురించి అతని నోట ఆ ఒక్క మాట వినాలని ఆమె ఎన్నేళ్లుగా కాచుకుని ఉందో, ఆ క్షణంలో గాని గాబ్రియేలుకు తెలియలేదు. బిడ్డ పోయిన నాడు కూడా ఏడవని మనిషి, అతని భుజం మీద తల పెట్టి బావురుమంది. అదే దారిన పోతున్న జీవమ్మ వాళ్లను చూసి, పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.